ఓడలు దాటాయి, పట్టాలు దాటలేదు: అమెరికా అంతర్యుద్ధంలో రైలు ఇనుము కథ

అమెరికా అంతర్యుద్ధం (1861–65) గురించి చదివేవారికి తరచుగా ఎదురయ్యే వివరణ ఒకటి ఉంది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించింది కాబట్టి విదేశాల నుంచి రైలు పట్టాలు రాలేదు, పట్టాలు రాలేదు కాబట్టి రైళ్లు నడవలేదు, రైళ్లు నడవలేదు కాబట్టి సైన్యాలకు తిండి అందలేదు అన్నది ఆ వివరణ. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, అందులో మొదటి మెట్టు దగ్గరే ఒక చిక్కు ఉంది. అదే దిగ్బంధాన్ని దాటుకుని లక్షల సంఖ్యలో తుపాకులు వచ్చాయి. దక్షిణాది సైన్యం వాడిన ఆధునిక తుపాకులలో సుమారు 60 శాతం, వాడిన సీసంలో మూడో వంతు, మందుగుండుకు కావలసిన సురేకారంలో మూడింట రెండు వంతులు సముద్రం మీదుగానే వచ్చాయని చరిత్రకారుల అంచనా. ఇన్ని వచ్చిన దారిలో రైలు పట్టాలు మాత్రం లెక్కలోకి వచ్చే పరిమాణంలో ఎందుకు రాలేదు? కాపలా ఓడల సంఖ్యను చూస్తే దీనికి జవాబు దొరకదు. బరువు, డబ్బు, ఎవరి బాధ్యత ఎవరిదన్న తగవు, ఈ మూడింటినీ విప్పి చూడాలి.

ముందు అవసరం ఎంతో చూద్దాం. 1860 నాటికి అమెరికాలో ఉన్న సుమారు 30,000 మైళ్ల రైలు మార్గంలో దక్షిణాది వాటా 9,000 మైళ్ల దాకా ఉండేది. ఆ పట్టాలలో చాలా భాగం బ్రిటన్‌లో తయారై వచ్చినవే. యూరప్ నుంచి దూది కోసం దక్షిణాది రేవులకు వచ్చే పెద్ద తెరచాప ఓడలు ఖాళీగా రావడం కంటే అడుగున ఇనుము వేసుకుని రావడం లాభం కాబట్టి, పట్టాలు చౌక కిరాయికే దిగేవి. అందువల్ల స్థానికంగా పట్టాలు పోతపోసి సాగదీసే మిల్లులు పెట్టాలన్న తొందర ఎవరికీ కలగలేదు. యుద్ధం మొదలయ్యేనాటికి చెప్పుకోదగిన మిల్లులు రెండే రెండు: తరువాత దక్షిణాది రాజధాని అయిన వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో ట్రెడెగర్ కర్మాగారం, అట్లాంటాలో పాత పట్టాలను కరిగించి మళ్లీ సాగదీసే మిల్లు.

ఆనాటి పట్టాలు ఉక్కువి కావు, చేత ఇనుపవి, అంటే సాగదీసిన మెత్తని ఇనుముతో చేసినవి. బరువైన రాకపోకలు పడితే పై అంచు పొరలుగా లేచిపోయేది, చివరలు నలిగిపోయేవి. శాంతికాలంలో ఏళ్ల తరబడి నిలిచే పట్టా, సైనికులతో, ఫిరంగులతో, ధాన్యంతో కిక్కిరిసిన రైళ్ల కింద చాలా ముందే అరిగిపోతుంది. మరమ్మతులకే ఏడాదికి 49,500 టన్నుల పట్టాలు కావాలని రైలు కంపెనీల అధికారులు యుద్ధం మధ్యకాలంలో లెక్క వేశారు. పై రెండు మిల్లులూ ఇతర పనులన్నీ మానేసి పట్టాలే చేసినా ఏడాదికి 20,000 టన్నులకు మించదని కూడా వారే చెప్పారు. ఆ మిల్లులు ఇతర పనులు మానేసే ప్రశ్నే లేదు. ట్రెడెగర్ ఫిరంగులు పోయాలి, యుద్ధనౌకలకు ఇనుప తొడుగు చేయాలి. పైగా ముడి ఇనుము చాలక, యుద్ధకాలమంతా దాని సామర్థ్యంలో మూడో వంతు దాటి పనిచేయలేకపోయింది. అట్లాంటా మిల్లు కూడా నౌకల తొడుగు రేకులకే మళ్లింది.

మిగిలిన దారి సముద్రమే. అబ్రహాం లింకన్ 1861 ఏప్రిల్ 19న దిగ్బంధాన్ని ప్రకటించినప్పుడు, సుమారు 3,500 మైళ్ల తీరాన్ని కాయడానికి ఆయన నౌకాదళం దగ్గర ఓడలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. తొలి నెలల్లో ఆ దిగ్బంధం చాలావరకు కాగితం మీదిదే. పెద్ద ఓడల్లో పట్టాలు దింపుకోవడానికి అదే సరైన అదను. కానీ ఆ అదనులోనే దక్షిణాది తన దూదిని తానే బిగబట్టుకుని కూర్చుంది. దూది అందకపోతే బ్రిటన్, ఫ్రాన్స్ దిగివచ్చి తమను దేశంగా గుర్తిస్తాయన్న ఆశతో తోటల యజమానులూ వర్తకులూ ఎగుమతిని ఆపేశారు. ప్రభుత్వం చట్టం చేయలేదు గానీ వద్దని కూడా అనలేదు. చేతిలో ఉన్న ఒకే ఒక్క విదేశీ మారకం గోదాముల్లో మగ్గుతుంటే, ఇనుము కొనడానికి పౌండ్లు ఎక్కడివి? నా దృష్టిలో పట్టాల కథ సగం ఇక్కడే ముగిసింది; తరువాతి మూడేళ్లూ ఆ పొరపాటుకు కట్టిన వడ్డీ.

మిగతా సగానికి కారణం, పట్టాలు కొనడం ఎవరి పనో తేలకపోవడం. ఆయుధ శాఖకు జోసయా గోర్గస్ వంటి దక్షుడైన అధిపతి ఉన్నాడు. ఆయన తరఫున కేలెబ్ హ్యూజ్ యూరప్‌లో తిరిగి తుపాకులు కొన్నాడు. నౌకాదళం తరఫున జేమ్స్ బుల్లక్ లివర్‌పూల్‌లో కూర్చుని ఓడలు కట్టించాడు. ఫ్రేజర్, ట్రెన్‌హోమ్ కంపెనీ వీరికి బ్యాంకుగా, ఏజెంటుగా పనిచేసింది. రైళ్ల తరఫున మాత్రం అక్కడ ఎవరూ లేరు. రైళ్లు ప్రైవేటు కంపెనీలవి. వాటి బాగోగులు వాటివేనన్నది ప్రభుత్వ వైఖరి. 1861 ఏప్రిల్‌లో మాంట్‌గోమరీలో సమావేశమైన కంపెనీల అధ్యక్షులు సైనికుడికి మైలుకు 2 సెంట్ల చొప్పున, మందుగుండును మామూలు రేటులో సగానికి మోస్తామని, దానికి బదులు ప్రభుత్వ బాండ్లు పుచ్చుకుంటామని ఒప్పుకున్నారు. దేశభక్తితో చేసిన ఒప్పందమే. కానీ దాని ఫలితంగా కంపెనీల పెట్టెల్లో చేరింది కాగితం. ఆ కాగితంతో రిచ్‌మండ్‌లో భూమి కొనవచ్చు, వేల్స్‌లో ఇనుము కొనలేరు.

రాజ్యాంగం కూడా అడ్డే. కాన్ఫెడరేట్ (దక్షిణాది రాష్ట్రాల కూటమి) రాజ్యాంగం వాణిజ్యానికి తోడ్పడే అంతర్గత నిర్మాణాలకు కేంద్ర ధనం ఖర్చు చేయరాదని స్పష్టంగా రాసుకుంది. దీపస్తంభాలు, రేవులు, నదీ మార్గాల వంటి కొన్నింటికే మినహాయింపు ఇచ్చింది. ఉత్తరాది పెట్టుబడిదారుల కోసం తమ పన్నులు ఖర్చవుతున్నాయన్న పాత కోపం ఆ అక్షరాల్లో ఉంది. దానివల్ల ప్రభుత్వం రైలు దారికి డబ్బు పెట్టాలంటే ప్రతిసారీ 'సైనిక అవసరం' అనే గొడుగు కిందికి దూరాలి. 1861 నవంబరులో దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ వర్జీనియాలోని డాన్‌విల్‌ను నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోతో కలపాలని కోరినప్పుడు ఆ సాకే చెప్పవలసి వచ్చింది. రైళ్లన్నిటినీ సమన్వయపరచడానికి విలియం వాడ్లీ అనే అనుభవజ్ఞుడైన రైలు అధికారిని నియమించింది 1862 డిసెంబరులో, అంటే యుద్ధం మొదలై ఏడాదిన్నర దాటాక. మరుసటి ఏడాదే సెనేట్ ఆయన నియామకాన్ని ఆమోదించక ఇంటికి పంపింది. ఆ తరువాత ఫ్రెడరిక్ సిమ్స్ వచ్చాడు. బాధ్యత వచ్చింది గానీ అధికారం రాలేదు. రైళ్ల మీద యుద్ధ మంత్రికి గట్టి అధికారం ఇచ్చే చట్టం 1865 ఫిబ్రవరి ఆఖరుకు గానీ కాలేదు. అప్పటికి మిగిలిన యుద్ధం ఆరు వారాలు.

ఇక బరువు సంగతి. దీన్ని కాగితం మీద వేసి చూడకపోతే అసలు విషయం బోధపడదు. గజానికి 50 పౌన్ల బరువున్న పట్టా ఆనాటి మామూలు రకం అనుకుందాం. మైలుకు 1,760 గజాలు, దారికి రెండు పట్టాలు; వెరసి మైలుకు 1,76,000 పౌన్లు, అంటే 78 టన్నుల పైచిలుకు. అతుకు పలకలు, మేకులు ఇందులో కలపలేదు. అప్పటి ఎన్‌ఫీల్డ్ తుపాకీ బరువు సుమారు తొమ్మిదిన్నర పౌన్లు. కాబట్టి ఒక్క మైలు దారికి కావలసిన ఇనుము బరువులో, పెట్టెలు మినహాయిస్తే, 18,000కు పైగా తుపాకులు తూగుతాయి. ఒక పక్క ఒక సైన్యాన్ని నిలబెట్టగల తుపాకులు, ఇంకో పక్క ఒక మైలు దారి. రేవులో నిలబడి ఏది ఎక్కించాలో తేల్చవలసిన మనిషి చేతిలో ఈ తక్కెడ పెట్టి చూడండి. ఆయన పట్టాలు ఎక్కించడు. ఆ రోజుకు ఆయన చేసింది తప్పని కూడా మనం అనలేం.

దిగ్బంధాన్ని దాటే ఓడల తీరు కూడా ఇనుముకు పడనిదే. బ్రిటన్ నుంచి సరుకు పెద్ద ఓడల్లో బహామా దీవుల్లోని నసావుకో, బెర్ముడాలోని సెయింట్ జార్జ్‌కో వచ్చేది. అవి బ్రిటిష్ రేవులు కాబట్టి అంతవరకు భయం తక్కువ. అక్కడ సరుకును చిన్న ఆవిరి ఓడల్లోకి మార్చి, నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌కో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌కో రెండు మూడు రోజుల్లో పరిగెత్తించేవారు. ఆ ఓడలు పొడుగ్గా, సన్నగా, నీటిలో తక్కువ లోతు మునిగేలా కట్టినవి. సముద్రంలో కలిసిపోయేలా బూడిద రంగు వేసేవారు; పొగ తక్కువ వచ్చే బొగ్గు వాడేవారు; చంద్రుడు లేని రాత్రి చూసుకుని, దీపాలన్నీ ఆర్పి, విల్మింగ్టన్ రేవును కాసే ఫిషర్ కోట ఫిరంగుల నీడలోకి దూరేవారు. రేవు ముఖద్వారంలో ఇసుక మేటలున్న చోట అడుగు లోతు కూడా ప్రాణమే. అటువంటి ఓడలో 24 అడుగుల పట్టా ఒక్కొక్కటీ 400 పౌన్లు తూగుతుంది. శత్రువు వెంటపడితే ఓడ తేలికపడడానికి దూది బేళ్లను దొర్లించి నీళ్లలోకి తోసేయవచ్చు. అడుగున పేర్చిన పట్టాలను ఆ తొందరలో ఎవరు పైకి తీస్తారు? అంత ఇనుము పక్కనుంటే దిక్సూచి ముల్లు పక్కకు లాగుతుంది, చీకట్లో దిక్సూచినే నమ్ముకున్న కెప్టెన్‌కు అది చిన్న సంగతి కాదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ప్రతి ఓడకూ అడుగున కొంత బరువు కావాలి, లేకపోతే నిలకడ ఉండదు. ఆ చోటులో కొన్ని పట్టాలు వేసుకు రావచ్చు కదా అంటే, రావచ్చు. కానీ సీసం దిమ్మెలు కూడా ఆ పనికి సరిగ్గా సరిపోతాయి, పైగా అవి రేపటి తూటాలు. పట్టా ఓడిపోయింది తుపాకీ చేతిలోనే కాదు, సీసం చేతిలో కూడా.

ఈ చిన్న ఓడలతో పని ఎంతవరకు సాగేదో అంచనా వేయవచ్చు. యుద్ధకాలంలో ఆవిరి ఓడలు రానూ పోనూ కలిపి 1,300 సార్లు దిగ్బంధాన్ని దాటే ప్రయత్నం చేశాయని, అందులో 1,000కి పైగా సఫలమయ్యాయని ఒక లెక్క ఉంది. అందులో సగం లోపలికి వచ్చినవి అనుకుంటే ఏడాదికి సుమారు 125 రాకలు. ఇప్పుడు పట్టాల లోటు చూడండి: 49,500 నుంచి 20,000 తీసేస్తే 29,500 టన్నులు. 300 టన్నులు మోసే ఓడ ఒక్కొక్కటీ మరేమీ వేసుకోకుండా పట్టాలే తెస్తే ఏడాదికి వంద రాకలు దాకా పడతాయి. అంటే అయిదింట నాలుగు ఓడలు ఇనుముకే. ఇవి నా గుండు లెక్కలే, కానీ పరిమాణం ఏ పాటిదో చెప్పడానికి చాలు. అదే 29,500 టన్నులను యుద్ధానికి ముందటి పెద్ద ఓడలు ఏ హడావుడీ లేకుండా ఒక రుతువులో దింపిపోయేవి. దిగ్బంధం ఎంత పనిచేసిందో పట్టుబడిన ఓడలను లెక్కపెట్టి తేల్చడం అందుకే తప్పుదారి. అసలు రావడం మానేసిన పెద్ద ఓడలను లెక్కలోకి తీసుకోవాలి. దిగ్బంధం ఓడలను ఆపలేదు, బరువును ఆపింది.

చట్టం వైపు చూస్తే, బ్రిటన్‌లో రైలు పట్టాలు కొనడానికి ఏ అడ్డూ లేదు. 1819 నాటి బ్రిటిష్ చట్టం యుద్ధనౌకలను సన్నద్ధం చేయడాన్ని నిషేధించింది గానీ, సరుకు అమ్మడాన్ని కాదు. చిక్కు సముద్రం మీదే. తటస్థ రేవుకు వెళుతున్న తటస్థ ఓడనైనా, సరుకు అసలు గమ్యం శత్రుదేశమైతే పట్టుకోవచ్చని అమెరికా న్యాయస్థానాలు తేల్చాయి. 1863లో పట్టుబడిన పీటర్‌హాఫ్ అనే ఓడ కేసులో అమెరికా సుప్రీంకోర్టు సరుకులను మూడు రకాలుగా విడదీసింది: యుద్ధానికే పనికివచ్చేవి, యుద్ధానికీ శాంతికీ రెంటికీ పనికివచ్చేవి, కేవలం శాంతికాలపువి. పట్టాలు రెండో రకంలోకి వస్తాయనడంలో నాకు సందేహం లేదు. ఆ ఓడ మెక్సికోలోని మాటమోరోస్‌కు వెళుతోంది. ఆ రేవును దిగ్బంధించే హక్కు ఉత్తరాదికి లేదు కాబట్టి, అక్కడ దించి టెక్సస్ గుండా తెచ్చుకోవచ్చన్నది చాలామంది ఆశ. తుపాకులను బండ్ల మీద తోలవచ్చు. పట్టాలను వందల మైళ్లు ఎద్దుల చేత లాగించడం అయ్యే పని కాదు. 1863 జులై 4న విక్స్‌బర్గ్ పడిపోయి మిసిసిపి నది చేయిజారాక ఆ ఆశ కూడా పోయింది.

డబ్బు విషయానికి వస్తే, 1863 మార్చిలో పారిస్ బ్యాంకరు ఎర్లాంజర్ ద్వారా 30 లక్షల పౌండ్ల అప్పు తెచ్చారు. ఏడు శాతం వడ్డీ. బాండు ఉన్నవాడు పౌను 6 పెన్నీల లెక్కన దూది పుచ్చుకోవచ్చు. లివర్‌పూల్‌లో అప్పటికే దూది ధర దానికి ఎన్నో రెట్లు. 1864లో పౌను 2 షిల్లింగులు దాటిన రోజులున్నాయి. కాగితం మీద ఇది బంగారు బేరం. కాని ఆ దూదిని దిగ్బంధం దాటించి తెచ్చుకునే పూచీ కొన్నవాడిదే. బాండ్ల ధర పడిపోతే, దాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వం తాను తెచ్చిన అప్పులో చాలా సొమ్ము పెట్టి తన బాండ్లనే తిరిగి కొనుక్కుంది. మిగిలినదాని కోసం ఆయుధ శాఖ, నౌకా శాఖ, సరఫరా శాఖ లండన్‌లోనూ లివర్‌పూల్‌లోనూ ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. కాలిన్ మెక్‌రే ప్రభుత్వ ఆర్థిక ప్రతినిధిగా వచ్చి లెక్కలన్నీ ఒక చేతికిందికి తెచ్చేసరికి ఆలస్యమైంది. ప్రతి ఓడలోనూ సగం చోటు ప్రభుత్వానిదేనని 1864 ఫిబ్రవరి చట్టం కింద నియమం పెట్టారు. అంతవరకు ఆ చోటులో పట్టు బట్టలు, సారాయి, సుగంధ ద్రవ్యాలు ప్రయాణించాయి. పౌనుకు ఎక్కువ లాభం ఇచ్చేదాన్నే వర్తకుడు వేసుకుంటాడు. పట్టా కంటే పౌనుకు తక్కువ లాభం ఇచ్చే సరుకు ఇంకోటి వెతికినా దొరకదు.

ఈ దూది కరువు మన తీరాన్ని కూడా తాకింది. అమెరికా దూది రాక లాంకషైర్ మిల్లులు మూతపడినప్పుడు గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవు నుంచి ఎగుమతై, ఆ రేవు పైకి రావడానికి కారణమైంది. 'కొకనాడ' అన్న పేరు పత్తి బజారులో ఒక రకం దూదికే పేరుగా స్థిరపడింది. అదే దశకంలో మద్రాసు రైల్వే బ్రిటన్ నుంచి పట్టాలు దింపుకుంటూ పడమటికి సాగుతోంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు కొన్ని వందల మైళ్ల సముద్రం మీద దొరకని ఇనుము, ఆఫ్రికా ఖండాన్ని చుట్టివచ్చి మద్రాసులో దిగింది.

ఇక్కడ ఒక విషవలయం కూడా ఉంది. దూది రేవు చేరాలంటే రైలు కావాలి. విల్మింగ్టన్‌లో దిగిన తుపాకులు వర్జీనియాలోని సైన్యానికి చేరాలంటే విల్మింగ్టన్ నుంచి వెల్డన్ దాకా 161 మైళ్ల దారి నిలవాలి. ఆ ఒక్క దారి పట్టాలన్నీ మార్చాలంటే, పై లెక్కన, 12,600 టన్నులకు పైగా కావాలి. పట్టా వదిలి తుపాకీ ఎక్కించిన ప్రతిసారీ తరువాతి తుపాకీ రేవులోనే ఇంకో రోజు పడి ఉండే అవకాశం పెరుగుతుంది. ఒక్కొక్క ఓడ దగ్గర సబబైన నిర్ణయమే వంద ఓడల దగ్గరకు వచ్చేసరికి తప్పుగా మారుతుంది. దాన్ని పట్టుకోగల స్థానంలో, అంటే అన్ని శాఖల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసే స్థానంలో, ఎవరూ లేరు.

బయటినుంచి రానిది లోపలే వెతుక్కోవడం మొదలైంది. ఏ దారిని పీకితే నష్టం తక్కువో చెప్పడానికి 1863లో ఒక సంఘాన్ని వేశారు. కూర్చున్న కొమ్మనే నరుక్కోవడం అంటే ఇదే గానీ, ఏ కొమ్మ నరకాలో తేల్చడానికి సంఘం వేసిన ప్రభుత్వాలు అరుదు. పీకిన పట్టాలకు దారుల మరమ్మతు ఒక్కటే గిరాకీ కాదు. అర్కాన్సా అనే యుద్ధనౌకకు పట్టాలనే పక్కపక్కన పేర్చి కవచంగా బిగించారు. ష్రీవ్‌పోర్ట్‌లో కట్టిన మిసోరీ నౌకకూ అంతే. నార్త్ కరోలినాలో మొక్కజొన్న చేను పక్కన కట్టిన ఆల్బిమార్ల్ నౌక తొడుగు రేకులకు ఇనుము రైలు దారులనుంచే వచ్చింది. దాని కోసం నౌకా శాఖకూ ఆ రాష్ట్ర గవర్నర్ జెబులాన్ వాన్స్‌కూ మధ్య ఉత్తరాల యుద్ధమే నడిచింది.

ఫ్లోరిడాలో తగవు కోర్టుకెక్కింది. ఫ్లోరిడా రైల్‌రోడ్డు అధిపతి డేవిడ్ యూలీ యుద్ధానికి ముందు అమెరికా సెనేటరు, దక్షిణాది పక్షపాతి. ఆయన దారిలో కొంత ఇనుమును పీకి, లైవ్ ఓక్ నుంచి జార్జియా వైపు కలిపే కొత్త దారికి వేయాలని 1864లో సైన్యం నిర్ణయించింది. ఫ్లోరిడా పశువుల మాంసం తూర్పు సైన్యాలకు చేరడానికి ఆ దారి కావాలి. యూలీ రాష్ట్ర న్యాయస్థానం నుంచి నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకున్నాడు. సైన్యపు ఇంజనీరింగు అధికారి దాన్ని లక్ష్యపెట్టక సైనికులను పెట్టి పట్టాలు పీకించాడు. రాష్ట్రాల హక్కుల కోసం పుట్టిన దేశంలో రాష్ట్ర న్యాయమూర్తి ఉత్తర్వును కేంద్ర సైన్యం తోసేసింది. ఇందులో యూలీ స్వార్థం లేదనను, సైన్యానిది తప్పనీ అనలేను. కాని ఆ కొత్త దారి పూర్తయ్యేది 1865 తొలి నెలల్లో. జనవరి 15న ఫిషర్ కోట, ఫిబ్రవరి 22న విల్మింగ్టన్ అప్పటికే ఉత్తరాది చేతికి చిక్కాయి.

డేవిస్ 1861లో అడిగిన డాన్‌విల్–గ్రీన్స్‌బరో దారికి కాంగ్రెస్ 1862 ఫిబ్రవరిలో 10 లక్షల డాలర్లు మంజూరు చేసింది. 50 మైళ్లు కూడా లేని ఆ దారి 1864 మేలో గానీ పూర్తికాలేదు. దాని పట్టాలు ఇతర దారుల నుంచి పీకి తెచ్చినవి. గ్రీన్స్‌బరోలో ఉన్న నార్త్ కరోలినా దారి గేజి (రెండు పట్టాల మధ్య దూరం) 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, డాన్‌విల్ నుంచి రిచ్‌మండ్‌కు పోయే దారి గేజి 5 అడుగులు కావడంతో, సరుకును మధ్యలో బండి మార్చవలసిన బాధ తప్పలేదు. 1865 ఏప్రిల్ 2 రాత్రి రిచ్‌మండ్ వదిలిన ప్రభుత్వం ఖజానాతో, దస్త్రాలతో రైలెక్కి డాన్‌విల్ చేరింది. వర్జీనియా సైన్యాధిపతి లీ లొంగిపోయాడన్న వార్త విన్నాక, ఏప్రిల్ 10 రాత్రి డేవిస్, ఆయన మంత్రులు మళ్లీ రైలెక్కి ఆ పీకి తెచ్చిన పట్టాల మీదే గ్రీన్స్‌బరో వెళ్లారు. వారి రైలు దాటిన కొద్దిసేపటికే ఉత్తరాది అశ్వికదళం వచ్చి ఆ దారిలోని వంతెనను తగలబెట్టింది.